ప్రోస్టేట్ ఆపరేషన్: కొత్త పద్ధతుల్లో తగినదాన్ని ఎంచుకోవడం ఎలా

తండ్రికో మామగారికో ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని, మాత్రలతో ఇక లాభం లేదని చెప్పగానే, విశాఖపట్నంలోని యూరాలజీ క్లినిక్కుల్లో కుటుంబ సభ్యులు ముందుగా అడిగేది లేజర్ మంచిదా, ఆవిరి చికిత్స మంచిదా అని. ఆ ప్రశ్నకూ వేళ వస్తుంది గాని, అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి మూడున్నాయి: ఆపరేషన్ నిజంగా అవసరమా, గ్రంథి పరిమాణం ఎంత, మూత్రాశయంలో ఇంకా ఎంత బలం మిగిలి ఉంది.

మూత్రం పూర్తిగా ఆగిపోయి, పెట్టిన పైపు తీసిన ప్రతిసారీ మళ్లీ ఆగిపోతున్నా, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తున్నా, మూత్రాశయంలో రాళ్లు ఏర్పడినా, గ్రంథి నుంచి రక్తం పోతూ ఉన్నా, వెనక్కి నిలిచిన మూత్రం వల్ల కిడ్నీలు ఉబ్బి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టవలసిన వ్యర్థం) పెరుగుతున్నా ఆపరేషన్‌ను వాయిదా వేయకూడదు. అయితే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి నగరానికి వచ్చే రోగుల విషయంలో క్రియాటినిన్ పెరుగుదలనంతా ప్రోస్టేట్ మీద వేయడం సరికాదు. స్కానింగులో కిడ్నీ ఉబ్బు కనిపించకపోతే నెఫ్రాలజిస్టు అభిప్రాయం కూడా తీసుకోవాలి.

ఈ అత్యవసర కారణాలేవీ లేక, కేవలం రాత్రిపూట నాలుగైదుసార్లు లేవవలసి రావడమే బాధ అయితే, ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూములో ఉంచి, మూడు రోజులపాటు ప్రతిసారీ వచ్చిన మూత్రాన్ని కొలిచి, వేళతో సహా కాగితం మీద రాయాలి. ఉదయం లేవగానే వచ్చేదాన్ని రాత్రి లెక్కలోనే కలపాలి. రోజు మొత్తంలో మూడో వంతుకు మించి రాత్రే వస్తుంటే, ఆ సమస్యకు మూలం గుండెలోనో, కాళ్లలో చేరిన నీరులోనో, నిద్రలో ఊపిరి ఆగడంలోనో, పొద్దుపోయాక తాగే మజ్జిగలోనో ఉండవచ్చు. అటువంటప్పుడు ఎంత ఖరీదైన యంత్రంతో గ్రంథిని తీసినా రాత్రి లేవడం తగ్గదు. ఈ ఒక్క కాగితాన్ని డాక్టరు ముందు పెట్టినవారు చాలా తక్కువ. దాని విలువ మాత్రం చాలా ఎక్కువ.

తరువాత స్కానింగ్ రిపోర్టును స్వయంగా చదవండి. గ్రంథి ఎన్ని గ్రాములు, మధ్య తమ్మె (గ్రంథి నడిమి భాగం) మూత్రాశయంలోకి పొడుచుకు వచ్చిందా, మూత్రం పోసిన తరువాత ఎంత మిగిలింది అన్న మూడు అంశాలు అందులో ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోవాలి. మూత్రధార వేగాన్ని కొలిచే యూరోఫ్లో పరీక్షలో కనీసం 150 మిల్లీలీటర్లు పోస్తేనే ఫలితాన్ని నమ్మవచ్చు. ధార సెకనుకు 10 మిల్లీలీటర్ల లోపు ఉంటే అడ్డంకి ఉందని సాధారణంగా భావిస్తారు గాని, ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో మూత్రాశయం బలహీనపడినా ధార అలాగే సన్నబడుతుంది. ఈ రెండింటినీ విడదీసి చెప్పేది మూత్రాశయంలోని ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని చూసే రక్తపరీక్ష పి.ఎస్.ఎ. విషయంలో ఒక జాగ్రత్త: గ్రంథిని కుదించే మాత్రలైన డ్యూటాస్టెరైడ్ లేదా ఫినాస్టెరైడ్ ఆరు నెలలకు మించి వాడుతున్నవారిలో ఆ సంఖ్య సుమారు సగానికి పడిపోతుంది కనుక, రెట్టింపు చేసి చూడాలి.

ఇక పద్ధతుల సంగతి. మూత్రనాళం గుండా పరికరం పంపి, విద్యుత్ తీగతో గ్రంథిని లోపలి నుంచి ముక్కలుగా కోసి తీసే టర్ప్ దశాబ్దాలుగా చేస్తున్నదే అయినా ఇప్పటికీ పాతబడిపోలేదు. 30 నుంచి 80 గ్రాముల గ్రంథికి, సెలైన్‌తో చేసే బైపోలార్ పద్ధతిలో అది నమ్మదగిన చికిత్స. 1990లలో న్యూజిలాండ్‌లో రూపుదిద్దుకున్న హోలెప్‌లో, తాటికాయలోంచి ముంజెను వేలితో పెల్లగించినట్టు, హోల్మియం లేజర్‌తో గ్రంథి తమ్మెలను పొర నుంచి విడదీసి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ ముక్కలు చేసి బయటికి తీస్తారు. వంద గ్రాములు దాటిన గ్రంథికైనా ఇది పనికివస్తుంది, రక్తస్రావం తక్కువ. కానీ చేయి తిరగడానికి సర్జనుకు పదుల సంఖ్యలో కేసులు కావాలి, కొందరిలో కొన్ని వారాలపాటు దగ్గినప్పుడు మూత్రం జారుతుంది. నా దృష్టిలో పెద్ద గ్రంథికి ఇదే మేలైన మార్గం, అయితే దాన్ని తరచుగా చేసే సర్జను దొరికినప్పుడే.

టర్ప్‌లోనూ హోలెప్‌లోనూ చాలామందికి ఆ తరువాత వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి పోతుంది. ఇది ఆరోగ్యానికి హాని కాదు, అంగస్తంభన వేరే విషయం; అయినా ముందుగా చెప్పకపోతే మనసు కష్టపడుతుంది. కొడుకు పక్కన ఉన్నప్పుడు తండ్రి ఈ ప్రశ్న అడగలేడు, కాబట్టి ఆయనకు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇవ్వండి.

వీర్యం మామూలుగా బయటికి రావడాన్ని కాపాడుకోవాలనుకునేవారికే రెజూమ్, యూరోలిఫ్ట్ వంటివి ముఖ్యంగా ఉపయోగపడతాయి. అమెరికాలో 2015లో అనుమతి పొందిన రెజూమ్‌లో తొమ్మిదేసి సెకన్లపాటు నీటి ఆవిరిని గ్రంథిలోకి పంపుతారు. కొన్ని రోజులు పైపు ఉంటుంది, పూర్తి ఫలితానికి మూడు నెలల వరకు పట్టవచ్చు. అక్కడే 2013లో అనుమతి పొందిన యూరోలిఫ్ట్ గ్రంథిని చిన్న క్లిప్పులతో పక్కకు లాగి కడుతుంది. ఐదేళ్ల పరిశీలనలో దాదాపు ఏడుగురిలో ఒకరికి మళ్లీ చికిత్స అవసరమైంది. రెజూమ్‌లో ఆ నిష్పత్తి ఇరవై మందిలో ఒకరి లోపే. నీటిధారతో, వేడి లేకుండా కోసే ఆక్వాబ్లేషన్ పెద్ద గ్రంథులకూ పనిచేస్తుంది గాని రక్తస్రావాన్ని జాగ్రత్తగా చూడాలి. మత్తు తట్టుకోలేని వృద్ధులకు, గ్రంథికి వెళ్లే రక్తనాళాలను మూసివేసే ఎంబొలైజేషన్ ఒక దారి.

సర్జనును మూడు మాటలు నిస్సంకోచంగా అడగండి: ఈ పద్ధతిలో ఏటా ఎన్ని చేస్తున్నారు, ఇంత పరిమాణం గ్రంథికి మీరే చేస్తారా, మధ్యలో ఇబ్బంది వస్తే ఏ పద్ధతికి మారతారు? గుండెలో స్టెంటు ఉంటే, రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో కార్డియాలజిస్టు చేత రాయించుకోండి, సొంతంగా ఆపకండి. ఎన్టీఆర్ వైద్య సేవ, రైల్వే, స్టీల్ ప్లాంట్, మాజీ సైనికుల పథకం ఏది ఉన్నా, ఎంచుకున్న పద్ధతి అందులో ఉందో లేదో, ఒక్కసారికే పనికివచ్చే పరికరాల ఖర్చు ఎవరిదో కాగితం మీద తీసుకోండి.

తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపమని చెప్పి, ఆ రిపోర్టు తప్పక తెచ్చుకోండి. ఆపరేషన్ అయిన పది, పద్నాలుగు రోజుల ప్రాంతంలో లోపలి గాయం మీది పైపొర రాలి మళ్లీ రక్తం కనిపించవచ్చు. నీళ్లు బాగా తాగితే చాలాసార్లు తగ్గుతుంది, కానీ గడ్డలు పడి ధార ఆగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి. అందువల్ల పాడేరు, ఇచ్ఛాపురం వంటి దూరప్రాంతాల నుంచి వచ్చినవారు ఆ రెండు వారాలూ నగరంలో బంధువుల ఇంట ఉండే ఏర్పాటు ముందే చేసుకోవడం మంచిది.