ఊపిరి పాఠాలు – 3: గాలి హోరెత్తే రాత్రికి ఒక నిట్టూర్పు

పోయిన పాఠంలో బొడ్డు మీద అరచెయ్యి వేసుకుని, ఊపిరి తీసినప్పుడు చెయ్యి పైకి లేస్తోందో లేదో చూసుకోమన్నాను. చాలామందికి కుదిరింది. కుదిరినవాళ్లే కొందరు ఇంకో ఇబ్బంది చెప్పారు. మనసు బాగున్నప్పుడు బాగానే వస్తోందట, గాబరా పుట్టినప్పుడు మాత్రం ఎంత లాగినా ఊపిరి చాలడం లేదట. ఈ పాఠం ఆ చాలకపోవడం గురించే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఈ మాట అక్టోబరులో ఎక్కువగా వినిపిస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పెద్దవాళ్లు నాటిన కొబ్బరి, జీడి తోటలు తెల్లారేసరికి నేలమీద పడున్నాయి. ఆ రాత్రి తలుపు గెడ పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఇప్పటికీ టీవీలో ‘కళింగపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని స్క్రోలింగ్ కనిపిస్తే చాలు, గుండె దడ మొదలవుతుంది. వాయుగుండం ఇంకా సముద్రం మీదే ఉంటుంది. ఒళ్లు మాత్రం అప్పుడే ఆ రాత్రిలోకి వెళ్లిపోతుంది. ‘గాలికి భయపడే వయసేటి నీది?’ అని ఇంట్లోవాళ్లు నవ్వుతారు గానీ అది పిరికితనం కాదు. ఒకసారి ప్రాణం మీదికి వచ్చిన చప్పుడును శరీరం అంత తేలిగ్గా మర్చిపోదు.

అలాంటప్పుడు మనం చేసే పని ఏమిటంటే, నోరు తెరిచి, భుజాలు ఎగరేసి, గబగబా గాలి లాగడం. లోపలున్నది పూర్తిగా వదలకుండానే మళ్లీ లాగుతాం. నిజానికి అప్పుడు ఆక్సిజన్‌కేమీ కొదవ ఉండదు. అతిగా పీల్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి, తల తిరగడం, ఛాతీ పట్టేసినట్టు ఉండడం. అవి చూసి ఇంకా కంగారు, ఆ కంగారుకు ఇంకా గబగబా ఊపిరి. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పేస్తాను: ఛాతీలో నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పడుతున్నా ఈ పాఠం పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. అది గాబరానా గుండెపోటా అన్నది డాక్టరు తేల్చాలి, మనం కాదు.

ఊపిరి బలం అనగానే మన వైపు కోడి రామమూర్తి నాయుడు గారే గుర్తొస్తారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పిన ఆ మల్లయోధుడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పూరించి దాన్ని తెంపేవారు. ఆ కథలు వింటూ పెరిగినందుకేమో, సత్తా అంతా లోపలికి లాగడంలోనే ఉందని మనకో నమ్మకం. గొలుసు తెంపడానికి అది సరే. గాబరా తగ్గడానికి మాత్రం పనికొచ్చేది వదిలే ఊపిరి.

నమ్మకం కలగకపోతే ఇప్పుడే చూసుకోండి. కుడిచేతి మూడు వేళ్లతో ఎడమ మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు నాడి పట్టుకోండి. నెమ్మదిగా ఊపిరి తీస్తూ గమనించండి, నాడి కాస్త తొందరపడుతుంది. ఇంకా నెమ్మదిగా వదలండి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతుంది. వదిలేటప్పుడు వేగస్ అనే నరం గుండెకు కళ్లెం వేస్తుంది, అందుకే ఆ తేడా. చిన్న వయసువాళ్లలో ఇది బాగా తెలుస్తుంది. వయసు పైబడినవాళ్లకు, చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు అంతగా తెలియకపోవచ్చు. తెలియలేదని దిగులు పడక్కర్లేదు, సాధన చేసుకోవచ్చు.

ఇక సాధన. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న గుంటడిని ఎప్పుడైనా దగ్గర నుంచి చూడండి. తల్లి భుజం మీద తల వాల్చి, ఒకసారి ఊపిరి తీసి, అది వదలకుండానే ఇంకో చిన్న ఎగశ్వాస తీసి, ఆపైన పొడుగ్గా వదులుతాడు. రెండు మూడుసార్లు అలా అయ్యాక కళ్లు మూతపడతాయి. ఎవరూ నేర్పని ఆ విద్యే మనం నేర్చుకోబోయేది. మన ఊపిరితిత్తుల్లో కొన్ని కోట్ల గాలి గదులుంటాయి. పైపైన ఊపిరి తీసుకుంటూ ఉంటే వాటిలో కొన్ని తడిసిన పాలిథిన్ సంచిలా అతుక్కుపోతాయి. రెండోసారి తీసే ఆ చిన్న శ్వాస వాటిని మళ్లీ తెరుస్తుంది. అందుకే మనకు తెలియకుండానే అప్పుడప్పుడూ నిట్టూరుస్తుంటాం. ఇంట్లో నిట్టూర్పులు విడవకూడదని పెద్దవాళ్లు కసురుతారు. వాళ్ల మీద గౌరవంతోనే ఆ ఒక్క మాట పక్కన పెడదాం.

గోడకు జారబడి కూర్చోండి, లేదా పడుకోండి. ముక్కుతో మామూలుగా ఊపిరి తీయండి, పూర్తిగా నిండనక్కర్లేదు. వదలకుండా ముక్కుతోనే ఇంకాస్త తీయండి. ఇప్పుడు పెదాలు సున్నాలా చుట్టి నోటితో వదలండి. తీసినదానికి రెట్టింపు సేపు పట్టాలి గానీ గట్టిగా తోసెయ్యకూడదు. బలవంతంగా ఖాళీ చేస్తే తర్వాతి ఊపిరి మళ్లీ ఎగబడుతుంది, అసలు చిక్కు అక్కడే వస్తుంది. వదలడం అయ్యాక ఒక్క క్షణం ఊరుకోండి, తర్వాతి ఊపిరి దానంతట అదే వస్తుంది. దడ వచ్చినప్పుడు ఇలా మూడుసార్లు చాలు. రోజూ సాధనకు అయిదు నిమిషాలు. తల తిరిగితే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి.

దీన్ని తుపాను రాత్రే మొదటిసారి చెయ్యాలనుకుంటే కుదరదు. టెన్షన్ లేని రోజుల్లో, కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చున్నప్పుడో, జీడిపప్పు పని ముగించి ఇంటికొచ్చాకో అలవాటు చేసుకోవాలి. హెచ్చరిక వచ్చిన రోజున ముందు టార్చి, మందులు, మంచినీళ్లు, కాగితాలు సంచిలో సర్దుకోండి, పశువుల కట్లు విప్పండి, షెల్టరుకు వెళ్లమంటే బేగి వెళ్లండి. చెయ్యాల్సిన పని మిగిలి ఉండగా ఊపిరితో మనసును జోకొట్టలేం, కొట్టకూడదు కూడా. అవన్నీ అయ్యాక చెవులు మూసుకోకుండా కూర్చోండి. గాలి విసురు వచ్చినప్పుడల్లా అది సాగినంతసేపూ మీ ఊపిరి వదులుతూ ఉండండి. మధ్యలో ఏడుపొస్తే రానివ్వండి.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు అయిదు నిమిషాల చొప్పున నెల రోజులు ఇలాంటి నిట్టూర్పు సాధనను ధ్యానంతో పోల్చి చూశారు. ఆందోళన రెండింటితోనూ తగ్గింది. మనసు హుషారు మాత్రం నిట్టూర్పు చేసినవాళ్లలో ఎక్కువ పెరిగింది. ఒక్క అధ్యయనమే అనుకోండి, కానీ ఖర్చులేని పని.

మిగతా వైద్యాల సంగతి కొందరు అడిగారు. పూల సారంతో చేశామని అమ్మే బాచ్ చుక్కలు మందు లేని ఉత్త చుక్కల కంటే ఎక్కువ పనిచేస్తాయని పరీక్షల్లో తేలలేదు, వాటికి డబ్బు పోసేబదులు పళ్లు కొనుక్కోండి. చేతులు ఆనించి శక్తి పంపుతామనే రేకీ చేయించుకుంటే కాసేపు హాయిగా ఉండొచ్చు, దానికి వేలు అడిగితే లేచి వచ్చెయ్యండి. గంటసేపు వేగంగా ఊపిరి తీయించి పాత బాధలు బయటికి లాగుతామనే శిబిరాలంటే నాకు భయం. గుండె జబ్బు, మూర్ఛ, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు అటు వెళ్లనే వద్దు. దిష్టి తీయించుకుంటే నిద్ర పడుతుందంటే తీయించుకోండి, వాడుతున్న మాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా ఆపొద్దు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ వారం రోజూ ఒకే వేళకు అయిదు నిమిషాలు సాధన చెయ్యండి. మొదట్లోనూ చివర్లోనూ నాడి చూసుకుని తేడా ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠం భ్రామరి, అంటే తుమ్మెదలా ఝుంకారం. పిల్లలు పగలబడి నవ్వుతారు కాబట్టి ఇంట్లో ఒక మూల ఇప్పుడే చూసిపెట్టుకోండి.