ఎయిర్ రైఫిల్ షాట్లు చెదురుతుంటే: ముందు స్క్రూలు, ఆ తర్వాత రబ్బరు రింగు

కర్నూలు చుట్టుపక్కల నుంచి, నంద్యాల, ఆదోని, గుత్తి వైపు నుంచి నా దగ్గరికి మరమ్మతుకు వచ్చే ఎయిర్ రైఫిళ్లలో సగానికి సగం నిజంగా పాడైనవి కావు. తెచ్చినవారు మాత్రం రోగం ఏమిటో తామే తేల్చుకుని వస్తారు. "స్ప్రింగు పోయిందన్నా, కొత్తది వేయి" అంటారు. నేను స్ప్రింగు సంగతి ఎత్తకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగం) ముందుభాగంలోని రెండు స్క్రూలను తిప్పి చూస్తాను. అవి ముప్పావు చుట్టు తిరుగుతాయి. రైఫిల్ బాగైపోతుంది. ఇంటి దగ్గర రెండు నిమిషాల్లో చేసుకోగలిగిన ఆ పని కోసం బస్సెక్కి వచ్చినందుకు వారికి కొంచెం సిగ్గు, పదేళ్లుగా ఇదే మాట చెబుతున్నందుకు నాకు కొంచెం విసుగు.

ఇక్కడ చెప్పబోయేదంతా బ్యారెల్‌ను, అంటే గొట్టాన్ని, వంచి లోపలి స్ప్రింగును బిగించే రైఫిల్ గురించే; ట్రిగ్గర్ నొక్కితే ఆ స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోసి గాలిని నొక్కుతుంది. గాలి సిలిండర్‌తో నడిచే పోటీ రైఫిళ్ల తీరు వేరు. బ్యారెల్ వంచి ఉన్నంతసేపు దాన్ని చేతితో పట్టుకునే ఉండాలని, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ దెబ్బతింటుందని, తుపాకి నోరు టార్గెట్ వైపు తప్ప మరెటూ తిరగకూడదని చదివేవారికి తెలుసుననే అనుకుంటున్నాను.

ఏ భాగాన్నైనా విప్పేముందు ఒక కొత్త టార్గెట్ కార్డు మీద పది మీటర్ల నుంచి పది షాట్లు కాల్చి, ఆ కార్డును తీరిగ్గా చూడాలి. కాల్చేవారు చేయి తిరిగినవారై ఉండాలి. స్ప్రింగు రైఫిల్‌ను నేరుగా బల్ల మీదనో గట్టి ఇసుక సంచి మీదనో ఆనించి కాల్చితే అది ఎగిరిపడి అసలు లోపాన్ని కప్పేస్తుంది. కాబట్టి సంచి మీద అరచేయి పెట్టి, ఆ అరచేతిలో రైఫిల్‌ను వదులుగా ఉంచి కాల్చాలి. పది రంధ్రాలు ఏ ఆకారంలో పడ్డాయన్నది సగం జబ్బును చెప్పేస్తుంది.

షాట్లు అన్ని వైపులా చెదిరితే

కారణం స్క్రూలు. ఇందులో తర్కించడానికి ఏమీ లేదు. స్ప్రింగు రైఫిల్ ప్రతి షాట్‌కూ రెండుసార్లు కుదుపుకు లోనవుతుంది. బరువైన పిస్టన్ ముందుకు దూకినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది, పిస్టన్ వెళ్లి తన ముందు నొక్కుకున్న గాలికి తగిలి ఆగినప్పుడు ముందుకు ఉరుకుతుంది. ఈ రెండు దెబ్బలూ స్టాక్ స్క్రూల మీదే పడతాయి. దానికి తోడు మన ఎండ ఉంది. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడి పొడిగాలికి చెక్క ఎండి సన్నబడుతుంది. కనుక మూలన పెట్టిన రైఫిల్‌లో కూడా, ఎవరూ ముట్టుకోకపోయినా, స్క్రూలు వాటంతట అవే వదులవుతాయి.

స్టాక్ ముందుభాగంలో రెండు వైపులా ఉండే స్క్రూలను, ట్రిగ్గర్ గార్డు స్క్రూలను సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనో అలెన్ కీతోనో బిగించాలి. బలమంతా ఉపయోగించకూడదు, చెక్క నలిగిపోతుంది. బిగిశాక స్క్రూ తల మీదుగా స్టాక్ మీదికి గోళ్ల రంగుతో ఒక సన్నటి గీత గీస్తే, తర్వాత ఎప్పుడు వదులైనా ఆ గీత విరిగి కనబడుతుంది. మళ్లీ మళ్లీ వదులయ్యే రైఫిల్‌కు స్క్రూను పట్టి ఉంచే జిగురు, నీలం రంగు లాక్‌టైట్, ఒక్క చుక్క చాలు. ఒకసారి పడితే సులభంగా విప్పలేని ఎర్ర రంగుది వేసి తెచ్చినవారికి మాత్రం నేను కూలి రెట్టింపు తీసుకుంటాను.

స్క్రూలు గట్టిగానే ఉండి కూడా చెదురుతుంటే పెల్లెట్లను చూడాలి. డబ్బాలో గలగలలాడి అంచు నొక్కుకుపోయిన పెల్లెట్ సూటిగా పోదు. ఒక్కొక్కదాన్ని వేలిమీద నిలబెట్టి అంచు గుండ్రంగా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. సైట్ స్క్రూలను కూడా అదే ఊపులో బిగించాలి. టెలిస్కోప్ పెట్టుకున్నవారు అది స్ప్రింగు రైఫిల్ కోసం చేసినదో కాదో అడిగి కొనాలి. ఒకవైపు తన్నును మాత్రమే తట్టుకునేలా చేసినవి ఈ ముందు వెనుకల కుదుపుకు లోపల అద్దాలు కదిలి పాడవుతాయి.

షాట్లు అడ్డంగా పరుచుకుంటే

చాలావరకు అది కాల్చేవారి ట్రిగ్గర్ వేలే. వేరొకరి చేత కాల్పించి చూస్తే తేలిపోతుంది. అయినా మారకపోతే బ్యారెల్ వంగే కీలు దగ్గరి బోల్టు వదులై ఉంటుంది. బ్యారెల్‌ను వంచకుండా మూసి ఉంచి, కొసను పట్టుకుని ఎడమకూ కుడికీ మెల్లగా కదిపితే వదులు తెలుస్తుంది. వెంట్రుకవాసి కదిలినా బోల్టు బిగించాలి.

షాట్లు నిలువుగా, పైకీ కిందికీ ఒకే గీత మీద పడితే

నన్ను ఒక వేసవి అంతా ఏడిపించింది ఇదే.

ఒక శిక్షణ కేంద్రంలో నేర్చుకుంటున్న పిల్లల కోసం కొన్న రైఫిల్ అది. దాంతో కాల్చే అమ్మాయి చేయి చాలా నిలకడైనది. అయినా ఆమె కార్డు మీద ఒక షాట్ తొమ్మిది పాయింట్ల రింగులో, తర్వాతది నేరుగా దాని కింద ఏడులో, ఆ తర్వాతది మళ్లీ తొమ్మిదిలో పడేది. పక్కలకు తేడా లేదు. నిలువు చెదురు చూడగానే అందరమూ ఊపిరి మీద పడ్డాం. ఊపిరి బిగబట్టే పద్ధతి మార్పించాం, నిలబడే తీరు మార్పించాం, పాపం ఆ అమ్మాయి నెలరోజులు కార్డు లేకుండా ఖాళీ గోడ వైపు గురిపెట్టి సాధన చేసింది. తర్వాత నేను స్ప్రింగు మార్చాను. పిస్టన్ వాషర్ మార్చాను. మూడు రకాల పెల్లెట్లు తెప్పించాను. కార్డు మీద ఆ నిలువు గీత మాత్రం మారలేదు.

చివరికి నాకు దారి చూపింది ఒక బుడ్డల (వేరుశనగ) పొట్టు. సాయంత్రం పూట ఎవరో వేయించిన బుడ్డలు తింటూ రైఫిల్ చేతికి తీసుకున్నారు. ఆ ఎర్రటి పలుచని పొట్టు ఒకటి బ్యారెల్ వంగే చోట, సరిగ్గా అతుకు మీద పడి ఉంది. షాట్ పేలగానే అది జానెడు ఎత్తు ఎగిరింది. కుదుపుకు జారి పడటం వేరు, ఇలా నిట్టనిలువునా లేవడం వేరు. కింద నుంచి గాలి తన్నితే తప్ప అది అలా లేవదు.

బ్యారెల్ మూసినప్పుడు దాని వెనుక భాగం గాలి గది (పిస్టన్ గాలిని నొక్కే గది) ముఖానికి ఆనుకునే చోట ఒక చిన్న రబ్బరు రింగు ఉంటుంది. దాన్నే బ్రీచ్ సీల్ అంటారు. పిస్టన్ నొక్కిన గాలి అంతా ఒక సన్నటి రంధ్రం గుండా పెల్లెట్ వెనక్కి చేరవలసింది ఈ రింగు మధ్య నుంచే. రింగు అణిగిపోయినా, ఎండకు గట్టిపడినా, ఆ గాలిలో కొంత అతుకు సందుల్లోంచి బయటికి పోతుంది. బ్యారెల్ మూసిన ప్రతిసారీ రింగు ఒకేలా కూర్చోదు కాబట్టి ఒక షాట్‌కు గాలి పోతుంది, ఇంకో షాట్‌కు పోదు. మోసమంతా ఇందులోనే ఉంది. ఎప్పుడూ ఒకేలా కారే సీల్ అయితే సైట్ సరిచేసుకుని కాల్చుకోవచ్చు, అప్పుడప్పుడు కారేదాన్ని ఏ సైట్‌తోనూ సరిచేయలేము. శబ్దంలో తేడా వినబడదు. చేతికి తన్ను కూడా అలాగే ఉంటుంది.

ఇంత చిన్న లీకు వల్ల రెండు రింగుల తేడా వస్తుందా అని అడిగేవారి కోసం లెక్క చెబుతాను. పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతే పది మీటర్లు దాటడానికి సెకనులో ఆరు శాతం కంటే కాస్త తక్కువ సమయం పడుతుంది. ఆ కాస్తలో అది సుమారు 17 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం 150 మీటర్లకు పడిపోతే దిగుడు సుమారు 22 మి.మీ. అవుతుంది. అంటే తేడా 5 మి.మీ. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కార్డు మీద ఒక రింగుకూ తర్వాతి రింగుకూ మధ్య దూరం 2.5 మి.మీ. మాత్రమే, నడుమనున్న పది అంటే అర మిల్లీమీటరు చుక్క. తొమ్మిదికీ ఏడుకూ మధ్య ఉన్న ఆ రెండు రింగులను ఆ అమ్మాయి ఊపిరిలో వెదికి నెల పోగొట్టాం.

పరీక్ష సులభమే. టిష్యూ కాగితంలో ఒక పొరను విడదీసి, రెండు వేళ్ల వెడల్పు ముక్కను బ్రీచ్ అతుకు మీద వదులుగా పరచాలి. పెల్లెట్ పెట్టి, టార్గెట్ వైపే కాల్చాలి. కాగితం ఎగిరితే గాలి పోతున్నట్టే. ఒక్కసారి చూసి వదిలేయకూడదు, కనీసం పది షాట్లు చూడాలి, ఎందుకంటే పదిలో మూడుసార్లే కారే రింగును నేను చాలా చూశాను. అతుకు పై నుంచే కాకుండా పక్కల నుంచి కూడా కారవచ్చు కాబట్టి అక్కడ కూడా కాగితాన్ని చిన్న టేపు ముక్కతో ఒక అంచు పట్టి వేలాడదీసి చూడాలి. అప్పుడు వేళ్లు అతుకుకు దూరంగా ఉండాలి.

పరిష్కారం రింగు మార్చడమే. పాతదాన్ని సన్నటి పుల్లతో గాడిలోంచి ఎత్తి తీయాలి, గుండుసూదితో గీకితే గాడి అంచు గీరుకుపోయి కొత్త రింగు కూడా కారుతుంది. పాత రింగును జేబులో వేసుకుని పంపు సామాన్ల దుకాణానికి వెళితే అదే కొలతది దొరకవచ్చు. అయితే లోపలి వెడల్పును, మందాన్ని వెర్నియర్‌తో కొలిచే కొనాలి, అర మిల్లీమీటరు తేడా ఉన్నా పనికిరాదు. అడిగేటప్పుడు నైట్రైల్ రబ్బరుది కావాలని అడగాలి. మామూలు సహజ రబ్బరు యంత్రాల నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, నైట్రైల్ నూనెకు తట్టుకుంటుంది. కొన్ని రైఫిళ్లలో రింగుకు బదులు తోలు వాషర్‌నో ప్రత్యేకంగా పోత పోసిన సీల్‌నో పెడతారు, వాటికి ఆ కంపెనీదే కావాలి.

కొత్త రింగు వేసినా కారుతుంటే గాడి లోతైపోయిందని అర్థం. అప్పుడు పాల ప్యాకెట్ ప్లాస్టిక్‌ను రింగు కొలతకు గుండ్రంగా కత్తిరించి, నడుమ బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు) అంత రంధ్రం చేసి, రింగు కింద ఒకటి, అవసరమైతే రెండు పొరలు వేయాలి. రింగు లోహపు ముఖం కంటే ఒక కాగితం మందం పైకి తేలి ఉంటే చాలు. ఎక్కువ మంచిదని నాలుగైదు పొరలు పెడితే బ్యారెల్ పూర్తిగా మూసుకోదు, గొళ్లెం సగమే పడుతుంది, నిలువు చెదురు ఇంకా పెరుగుతుంది. మూసేటప్పుడు చివర్లో కొద్దిగా బిగువు తగిలి, ఆ తర్వాత గొళ్లెం టక్కున పడాలి.

ఈ రింగులు మన ప్రాంతంలో త్వరగా చావడానికి ఇంకో కారణం కారు డిక్కీ. ఎండలో నిలిపిన కారులో రైఫిల్‌ను రోజుల తరబడి వదిలేస్తే రబ్బరు ఏళ్లలో గట్టిపడవలసింది నెలల్లో గట్టిపడుతుంది.

పొగ, మాడిన నూనె వాసన, మందుగుండు తుపాకిలాంటి గట్టి శబ్దం వస్తే

ఎవరో లోపల నూనె పోశారు. కుట్టుమిషన్ నూనె కావచ్చు, ఇంట్లోని కొబ్బరినూనె కావచ్చు, అడిగితే ఎవరూ ఒప్పుకోరు. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె ఆవిరి అంటుకుని డీజిల్ ఇంజనులోలాగే పేలుతుంది. పెల్లెట్ ఒకసారి చాలా వేగంగా పోతుంది, ఇంకోసారి అంత వేగంగా పోదు. పిస్టన్ వాషర్ మాడుతుంది, స్ప్రింగు విరుగుతుంది. కొత్త రైఫిల్ మొదటి యాభై, వంద షాట్ల వరకు కొద్దిగా పొగ వదలడం మామూలే. ఆ తర్వాత కూడా ఆగకపోతే విప్పి, గాలి గదిని పొడిగుడ్డతో తుడిచి, వాషర్ చూడవలసిందే. స్ప్రింగును బిగింపు సాధనం లేకుండా విప్పవద్దు, అది ముఖం మీదికి దూకుతుంది. ఆ సాధనం లేనివారు నాలాంటివారి దగ్గరికి రావడమే మేలు.

ఇదే సందర్భంలో మరొక మాట. బలం పెరగాలని ఎక్కువ గట్టి స్ప్రింగు వేయమని కొందరు అడుగుతారు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్‌కు బోరు 4.5 మి.మీ. మించకూడదు, శక్తి 20 జౌళ్లు దాటకూడదు. అర గ్రాము పెల్లెట్ 170 మీటర్ల వేగంతో పోతే శక్తి ఏడు జౌళ్ల పైచిలుకు మాత్రమే, కార్డు మీద పది కొట్టడానికి అంతకంటే అక్కర్లేదు. బుడ్డల చేలో నెమళ్లను తోలడానికి కావాలని వచ్చేవారికి నేను రైఫిల్ తిరిగి ఇచ్చేస్తాను. నెమలిని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

అరుదైనవి

బ్యారెల్ వంగిందేమో, లోపలి గాళ్లు (పెల్లెట్‌ను తిప్పే మెలిక గీతలు) అరిగాయేమో అని చాలామంది భయపడతారు. మెత్తటి సీసపు పెల్లెట్లకు గాళ్లు అరగవు. బ్యారెల్ వంగడానికి ఎవరో వంచిన స్థితిలో ట్రిగ్గర్ నొక్కి ఉండాలి, అలా జరిగితే యజమానికి ముందే తెలుస్తుంది. బ్యారెల్ నోటి అంచు దెబ్బతినడం ఇత్తడి కడ్డీతో మొరటుగా శుభ్రం చేసినవారి దగ్గరే చూశాను. ట్రిగ్గర్ లోపలి కొక్కెం అరిగి తానంతట తానే పేలే రైఫిల్‌ను మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు, పెల్లెట్ తీసి, స్ప్రింగు వదులు చేసి తీసుకురండి.

మరమ్మతుకు తెచ్చేవారు ఆ పది షాట్ల కార్డును కూడా వెంట తీసుకురావాలి. దాని వెనుక ఏ పెల్లెట్, ఏ తేదీ, స్క్రూలు బిగించారా లేదా, టిష్యూ కాగితం ఎన్నిసార్లు ఎగిరింది అని పెన్నుతో రాసి తెస్తే, రైఫిల్‌ను అదే రోజు సాయంత్రం బస్సుకు పంపించగలను.