గ్యాస్ అయిపోలేదు: సాఫ్టీ, స్లష్ మెషిన్ల రిపేరు, 3వ పాఠం

పోయిన పాఠం చివర ఒక చిక్కుముడి ఇచ్చాను. రెండు బౌళ్ల స్లష్ మెషిన్. ఎడమ బౌల్‌లో నిమ్మ స్లష్ చక్కగా పలుకు కడుతోంది. కుడి బౌల్‌లో కాలాఖట్టా మాత్రం రెండు గంటల నుంచి షర్బత్తులాగే తిరుగుతోంది. లోపల కంప్రెసర్ ఒక్కటే. షాపు ఆయన "గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టేయండి" అంటున్నాడు. మీరేం చేస్తారు?

గ్యాస్ కొడతామని రాసుకున్నవాళ్లు ఈ పాఠం రెండుసార్లు చదవండి. కంప్రెసర్ ఒక్కటైతే గ్యాసూ ఒక్కటే. ఎడమ బౌల్‌ని గడ్డకట్టిస్తున్న గ్యాస్ కుడి బౌల్ దగ్గరికి వచ్చేసరికి అయిపోదు కదా. తప్పు కుడి బౌల్‌కి మాత్రమే సొంతమైన దాంట్లో ఉండాలి. చాలా మెషిన్లలో అలాంటివి మూడే: అందులో పోసిన సరుకు, ఆ బౌల్ చలిని నడిపే స్విచ్చు లేదా థర్మోస్టాట్, ఆ వైపు గ్యాస్ వదిలే సోలనాయిడ్ వాల్వు (కాయిల్‌కి కరెంటు వస్తే తెరుచుకునే వాల్వు).

మూడింట్లో ముందు ఖర్చులేనిదాన్ని చూడాలి. మెషిన్ ఆపి, రెండు బౌళ్ల సరుకూ అటుదిటు ఇటుదటు మార్చి పోయండి. మళ్లీ ఆన్ చేసి ఓ గంట ఆగండి. ఎడమవైపుకి వచ్చినా కాలాఖట్టానే గడ్డకట్టకపోతే తప్పు సిరప్‌ది. కుడివైపుకి వెళ్లిన నిమ్మ కూడా నీరుగారిపోతే తప్పు మెషిన్‌ది. స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండానే సగం రోగం తేలిపోయింది.

మెషిన్‌దే అయితే కుడి సోలనాయిడ్ కాయిల్ తల మీదికి చిన్న ఇనప స్క్రూడ్రైవర్ మొన తీసుకెళ్లండి, వైర్లకు తగలకుండా. కాయిల్‌కి కరెంటు వస్తుంటే మొనను లాగుతుంది. లాగడం లేదంటే కాయిల్ కాలిపోయి ఉండాలి, లేదా స్విచ్చు నుంచి కాయిల్‌కి కరెంటే రావడం లేదు. ప్లగ్ పీకేసి మల్టీమీటర్‌తో కాయిల్ ఓమ్స్ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఎడమ కాయిల్ రీడింగ్ పక్కనే ఉంది, పోల్చుకోవడానికి వేరే పుస్తకం అక్కర్లేదు.

"గ్యాస్ అయిపోయింది" అనే మాట మనకు వంటింటి సిలిండర్ దగ్గర అలవాటైంది. పొయ్యిలో గ్యాస్ మండి ఖర్చవుతుంది. మెషిన్లో గ్యాస్ ఎక్కడా ఖర్చు కాదు, మూసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే కారింది, కారిందంటే ఎక్కడో చిల్లుంది. చిల్లు వెతకకుండా గ్యాస్ కొట్టడం కన్నం కుండలో నీళ్లు పోయడమే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మొదటి వేసవిలో నేనూ ఆ పనే చేశాను. ఒక బస్టాండు ముందు షాపులో పది రోజుల తేడాతో రెండుసార్లు గ్యాస్ కొట్టాను. మూడోసారి వెళ్లినప్పుడు కౌంటర్ కుర్రాడు సిరప్ కలుపుతుంటే పక్కన నిలబడి చూశాను. తియ్యగా ఉంటే గిరాకీ పెరుగుతుందని ఒక జగ్గుకి రెండు జగ్గులు పోస్తున్నాడు. మెషిన్ తప్పు ఇసుమంతైనా లేదు. నేను అదనంగా ఎక్కించిన గ్యాస్ వల్ల కంప్రెసర్ వేడెక్కి ట్రిప్ అవడం మొదలైంది, అది మాత్రం నా తప్పే.

సిరప్ కథ

స్లష్‌లో ఉండేది మంచు, పానకం. శ్రీరామనవమికి చేసుకునే పానకమే అనుకోండి, బెల్లం బదులు పంచదార. నీళ్లు గడ్డకట్టేటప్పుడు పంచదారను తమలో ఉండనివ్వవు, బయటికి నెట్టేస్తాయి. కొంత నీరు మంచుగా మారితే మిగిలిన పానకం ఇంకాస్త చిక్కబడుతుంది. చిక్కబడినది గడ్డకట్టాలంటే ఇంకా ఎక్కువ చలి కావాలి. ఈ పేచీ వల్లే మొత్తం ఒకేసారి రాయిలా బిగిసిపోకుండా పలుకులు పలుకులుగా ఆగుతుంది. బ్రిక్స్ అంటే 100 గ్రాముల ద్రవంలో ఎన్ని గ్రాముల పంచదార ఉందన్న లెక్క. 14 బ్రిక్స్ పానకం సున్నాకి సుమారు ఒక డిగ్రీ కింద గడ్డకట్టడం మొదలెడుతుంది. మైనస్ 2 దగ్గరికి వచ్చేసరికి దాదాపు సగం మంచు, సగం చిక్కటి పానకం. గ్లాసులో మనం అమ్ముకునేది దాన్నే.

ఈ పానీయం పుట్టిందే ఒక మెషిన్ చెడిపోయి. 1950ల చివర్లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, కాఫీవిల్ అనే ఊళ్లో, ఒమర్ నెడ్లిక్ అనే ఆయన షాపులో సోడా మెషిన్ మొరాయించింది. సోడా సీసాలు ఫ్రీజర్లో పెట్టి అమ్మితే అవి సగం గడ్డకట్టాయి, జనానికి అదే నచ్చింది. మన పనిలో ఇలా కలిసొచ్చే బ్రేక్‌డౌన్ మళ్లీ ఎదురుపడుతుందని ఆశపడకండి.

సరైన చిక్కదనం 13 నుంచి 15 బ్రిక్స్. 10 కిలోల సరుకు కావాలంటే 1,400 గ్రాముల పంచదార, 8.6 లీటర్ల నీళ్లు. 20కి దగ్గరైతే రాత్రిదాకా తిప్పినా జారుగానే ఉంటుంది. 12 కంటే తగ్గితే బాధ వేరే: బౌల్ మధ్యలో ఉండే చల్లటి డ్రమ్ముకి మంచు పెచ్చుగా అతుక్కుంటుంది, దాన్ని గీకే మర కిర్రు కిర్రుమంటుంది, చివరికి గేరు పళ్లు అరిగిపోతాయి. కిర్రుమన్న వెంటనే చలి స్విచ్ ఆపేయండి, తిరగడం మాత్రం ఉంచండి. మర పూర్తిగా బిగుసుకుపోతే మొత్తం ఆపేసి కరగనివ్వండి. చెంచాతో పొడవకండి, బౌల్ పగులుతుంది.

కొలవడానికి చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ కొనుక్కోండి, 0 నుంచి 32 బ్రిక్స్ దాకా చూపేది. ముందు మంచినీటి చుక్క వేసి గీత సున్నా మీదికి తెచ్చుకోవాలి. ఇక్కడ కొత్తవాళ్లందరూ పడే గొయ్యి ఒకటుంది: తిరుగుతున్న బౌల్ కుళాయి నుంచి చుక్క తీసి అద్దం మీద వేస్తారు. సగం గడ్డకట్టిన బౌల్‌లో నీళ్లు మంచులో ఉండిపోయాయి, అద్దం మీద పడింది చిక్కటి పానకం. రీడింగ్ 25 చూపిస్తుంది, సిరప్ ఎక్కువైందని షాపు ఆయన్ని తిట్టి నీళ్లు కలిపిస్తారు, మర్నాటికి గేరు పోతుంది. ఒక గ్లాసు స్లష్ పట్టి, పూర్తిగా కరిగించి, కలియబెట్టి అప్పుడు చుక్క వేయండి.

షుగర్ ఫ్రీ సిరప్‌లకు ఈ మీటర్ లెక్క నప్పదు. తీపి పొడులు గడ్డకట్టడాన్ని ఆపలేవు కాబట్టి పలుకు కోసం చాలావాటిలో గ్లిసరాల్ కలుపుతారు. బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ 7 ఏళ్లలోపు పిల్లలకు గ్లిసరాల్ స్లష్ ఇవ్వొద్దని 2025లో సలహా ఇచ్చింది. బడి పక్కన షాపువాళ్లకు ఈ ముక్క చెప్పండి.

గాలి, కరెంటు

సిరప్ సరిగ్గా ఉంది, రెండు బౌళ్లూ గడ్డకట్టడం లేదు. ఇప్పుడు మెషిన్ వెనక్కి వెళ్లండి. జాలీ దగ్గర చెయ్యి పెడితే వేడి గాలి జోరుగా కొట్టాలి. గాలి లోపలికి పీల్చే జాలీ మీద ఒక కాగితం పెట్టి వదిలేయండి. అంటుకుని నిలబడితే సరే, జారిపోతే కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) రెక్కల్లో దుమ్ము నిండింది లేదా ఫ్యాన్ నీరసించింది. బజ్జీల బండి పక్కన పెట్టిన మెషిన్లో నూనె పొగ, దుమ్ము కలిసి జిడ్డు దుప్పటిలా పట్టేస్తాయి. ప్లగ్ పీకి, మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి, రెక్కలు వంగకుండా దులపండి. మెషిన్ చుట్టూ జానెడు చోటు ఉండాలి. రెండు మెషిన్లు పక్కపక్కన ఉంటే ఒకటి వదిలే వేడి గాలిని రెండోది పీల్చుకోకుండా చూడాలి.

నేమ్‌ప్లేట్ మీద క్లైమేట్ క్లాస్ అక్షరం ఉంటే చదవండి. ఎన్ అని ఉంటే అది 32 డిగ్రీల దాకా పని చేసేలా చేసిన మెషిన్, ఎస్‌టీ అయితే 38, టీ అయితే 43. మే నెలలో రెంటచింతలలో రేకుల షెడ్డు కింద ఎన్ క్లాస్ మెషిన్ పెట్టి గట్టి స్లష్ రావాలంటే దాని వల్ల కాదు. ఆ మాట షాపు ఆయనకు నచ్చదు, అయినా చెప్పాలి.

తర్వాత క్లాంప్ మీటర్, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది. కంప్రెసర్‌కి వెళ్లే ఒక్క వైరును మాత్రమే పట్టుకుని ఆంప్స్ చూసి, నేమ్‌ప్లేట్ మీది అంకెతో పోల్చండి. అంకె కంటే ఎక్కువ లాగుతూ, కండెన్సర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వేడి బయటికి పోవడం లేదు. మామూలు కంటే బాగా తక్కువ లాగుతూ, కండెన్సర్ గోరువెచ్చగానే ఉంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు, కంప్రెసర్ వాల్వులు అరిగి ఉండొచ్చు. గ్యాస్ అనే మాట ఇప్పటికి, ఇన్ని చూశాక మొదటిసారి న్యాయంగా వచ్చింది. దాన్ని బలపరిచే సాక్ష్యం డ్రమ్ము మీద దొరుకుతుంది: గ్యాస్ తక్కువైతే డ్రమ్మంతా సమంగా మంచు పట్టదు, గ్యాస్ ప్రవేశించే వైపు ఒక పట్టీలా పట్టి మిగతాది తడిగా ఉండిపోతుంది. గొట్టాల అతుకుల దగ్గర నూనె మరక కోసం వెతికి, అక్కడ సబ్బు నురగ రాయండి. నేమ్‌ప్లేట్ మీద ఆర్ 290 అని ఉంటే ఇక్కడే ఆగిపోండి. అది ప్రొపేన్, మండే గ్యాస్. దాని మీద శిక్షణ లేనివాళ్లు గొట్టాలు అతికే మంట టార్చ్ వెలిగించకూడదు.

కంప్రెసర్ గుమ్మని మూలిగి, టక్కుమని ఆగి, కాసేపటికి మళ్లీ మూలుగుతుంటే దాన్ని స్టార్ట్ చేసే కెపాసిటర్, రిలే, ఆపైన వోల్టేజీ చూడండి. కెపాసిటర్ ముట్టుకునే ముందు దానిలో నిలవున్న కరెంటును రెసిస్టర్‌తో దించాలి. ఆపిన మెషిన్‌ని వెంటనే ఆన్ చేయకండి, అయిదు నిమిషాలు ఆగితే గొట్టాల్లో ఒత్తిడి సర్దుకుంటుంది.

సాఫ్టీ మెషిన్ ఆడే అబద్ధం

ఇంతవరకు చెప్పినదంతా సాఫ్టీకీ వర్తిస్తుంది, ఒక్క తేడాతో. సాఫ్టీ మెషిన్ తన సరుకు గట్టిపడిందో లేదో చాలా మోడళ్లలో బీటర్ (మిక్స్‌ని తిప్పే మర) మోటార్ లాగే కరెంటును బట్టి ఊహించుకుంటుంది. మిక్స్ గట్టిపడేకొద్దీ బీటర్ తిప్పడం కష్టమై ఆంప్స్ పెరుగుతాయి. పెట్టిన అంకె చేరగానే కంట్రోల్ బోర్డు "చాలు, గట్టిపడింది" అనుకుని కంప్రెసర్ ఆపేస్తుంది. పిండి కలిపే చెయ్యి బరువును బట్టి పిండి గట్టిదనం చెప్పినట్టే.

ఇప్పుడు వోల్టేజీ 230 నుంచి 190కి పడిపోయిందనుకోండి. అదే బరువును తిప్పడానికి మోటార్ ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. బోర్డుకి వోల్టేజీ సంగతి తెలియదు, మిక్స్ గట్టిపడిందనుకుని కంప్రెసర్‌ని ముందే ఆపేస్తుంది. కోన్‌లోకి జావ వస్తుంది. ఇక్కడ గ్యాస్ కొట్టినా, కంప్రెసర్ మార్చినా అదే జావ.

బెల్టు జారితే కథ తిరగబడుతుంది. మోటార్ తేలిగ్గా తిరుగుతుంది, ఆంప్స్ పెరగవు, కంప్రెసర్ ఆగదు, సిలిండర్ లోపల రాయి కడుతుంది. హాపర్‌లో (మిక్స్ పోసే తొట్టిలో) మిక్స్ ఒట్టిపోయినా, కుర్రాళ్లు కలిసొస్తుందని నీళ్లు కలిపినా రాయి కట్టే ప్రమాదం ఉంది. బీటర్ బ్లేడ్లు అరిగితే సిలిండర్ గోడకు పల్చటి మంచు పొర మిగిలిపోయి, అది గొంగళి కప్పినట్టు చలిని లోపలికి రానివ్వదు: కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది, సరుకు మాత్రం మెత్తగానే ఉంటుంది. మూడు ఫేజుల మెషిన్, కరెంటు లైన్ పని జరిగిన మర్నాడు హ్యాండిల్ లాగినా కోన్‌లోకి ఏమీ దించకపోతే, బీటర్ వెనక్కి తిరుగుతోందేమో చూడండి. మెయిన్ ఆపి, రెండు ఫేజులు మార్చి బిగిస్తే సరిపోతుంది.

ఇంటి పని

ఒక సాఫ్టీ మెషిన్ పొద్దున 10 గంటలకు గట్టి కోన్లు ఇస్తుంది. మధ్యాహ్నం 2కి మెత్తబడుతుంది. రాత్రి 11 తర్వాత మళ్లీ గట్టిగా ఇస్తుంది. మెషిన్ వెనక నాలుగు వేళ్ల దూరంలో గోడ ఉంది. అదే లైన్ మీద మధ్యాహ్నం పక్క షాపు ఏసీలు రెండు నడుస్తాయి. మధ్యాహ్నం కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతోంది.

అనుమానితులు ఇద్దరు. ఒక్క మీటర్‌తో, రెండే రీడింగులతో ఇద్దరిలో ఎవరో తేల్చాలి. ఏ రీడింగులు, ఏ వేళకు తీస్తారో, ఏ అంకె వస్తే ఎవరిని పట్టుకుంటారో రాసి ఉంచుకోండి. 4వ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది, ఆ తర్వాత లీకు వెతకడం, వాక్యూమ్ పట్టడం. ఆ పాఠానికి సబ్బు నీళ్లు, చిన్న బ్రష్, ఒక టార్చ్ లైటు దగ్గర పెట్టుకోండి.