కుక్కల సరదా షోకి తీసుకెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

జాతి కుక్కల పోటీలు వేరు, ఇది వేరు. ఇక్కడ ఎవరూ కాగితాలు అడగరు, ఎవరి తోక ఎక్కువ ఊగింది, ఎవరిది ముద్దొచ్చే మొహం, ఏ కుక్కకి యజమాని పోలికలు వచ్చాయి, ఇలాంటి వాటికే బహుమతులు. సరదానే కదా అని జాగ్రత్తలు కూడా సరదాగానే తీసుకుంటాం, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. పెద్ద పోటీలకు వచ్చే కుక్క గుంపులో నిలబడటం నేర్చుకుని వస్తుంది, మన ఇంటి కుక్క మాత్రం సోఫా దిగి నేరుగా ముప్పై కుక్కల మధ్యకి వస్తుంది.

టీకాల సంగతి నెల ముందే చూసుకోండి. ముందు రోజు వేయించి తీసుకెళ్తే లాభం లేదు, రక్షణ రావడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. రేబిస్ ఒక్కటే కాదు, డిస్టెంపర్, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకా కూడా ఉండాలి, కెన్నెల్ కాఫ్ (కుక్కల మధ్య అంటుకునే దగ్గు), లెప్టో (ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జబ్బు) టీకాల గురించి మీ డాక్టర్‌ని అడగండి. (నీళ్ల గిన్నె మాత్రం మీదే పట్టుకెళ్లండి. పది కుక్కలు ఒకే గిన్నెలో మూతి పెట్టే చోట దగ్గు అంటుకోవడం ఎంతసేపు!) పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, అందుకని టీకాల కోర్సు పూర్తికాని కూనని, అంటే సుమారు 16 వారాలు నిండని దాన్ని, 'చంకలోనే ఉంటుంది కదా' అనుకుని కూడా తేవద్దు. ఎక్కడో ఒకచోట దింపుతారు, చూసిన ప్రతివాళ్లూ ముద్దు చేస్తారు. హీట్‌లో ఉన్న, అంటే ఎదకొచ్చిన ఆడకుక్క వస్తే ఇక మైదానంలో మగకుక్క ఒక్కటీ మాట వినదు, ఆ మూడు వారాలు ఇంట్లోనే ఉంచండి.

మెడబెల్టు కింద రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులైతే వెనక్కి గింజుకున్నప్పుడు తల జారిపోతుంది. ఇంటి దగ్గరే ఓసారి పరీక్షించి చూడండి. బెల్టుకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల ఉండాలి. బటన్ నొక్కితే సాగే లీష్ మాత్రం తేకండి, గుంపులో ఆ సన్నతాడు ఎవరి కాళ్లకో చుట్టుకుని చర్మం కోసేస్తుంది. నాలుగు నుంచి ఆరు అడుగుల మామూలు లీష్ చాలు.

ఇక డ్రెస్సులు. మొదటిసారి వెళ్లినప్పుడు మా వాడికి సీతాకోకచిలుక రెక్కలు కట్టాను. అస్సలు కదల్లేదు. ఎంత బుద్ధిమంతుడో అని అందరూ ఫోన్లు తీశారు, నేనూ పొంగిపోయాను. రాత్రి ఆ ఫోటోలు పెద్దవి చేసి చూస్తే చెవులు రెండూ వెనక్కి అతుక్కుపోయి ఉన్నాయి, నోరు బిగించేశాడు, కంటి పక్కన తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తోంది. బుద్ధి కాదు, భయంతో బిగుసుకుపోయాడు వాడు. అప్పట్నుంచీ ఏ డ్రెస్ అయినా వారం ముందునుంచే ఇంట్లో రోజూ కాసేపు వేసి చూస్తున్నాను, పీక్కుంటే ఒక రుమాలుతో సరిపెడుతున్నాను.

నిద్ర రాకపోయినా ఆవలించడం, తినకపోయినా పెదాలు నాకడం, తడవకపోయినా ఒళ్లు విదిలించడం, ఇవన్నీ వాటి టెన్షన్. తోక ఊపితే సంతోషమే అని కూడా అనుకోకండి, ఒళ్లంతా బిగబట్టి తోక నిటారుగా లేపి సన్నగా ఆడిస్తుంటే గొడవ రాబోతోందేమో చూడండి. గుర్రుమంటే తిట్టొద్దు, మెల్లగా దూరంగా తీసుకెళ్లండి. గుర్రుమన్నప్పుడల్లా తిట్లు తిన్న కుక్క తర్వాత ఏ హెచ్చరికా లేకుండా కరవడం నేర్చుకుంటుంది.

అన్నిటికంటే నాకు భయం ఎండంటే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని ఏసీ. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు వాటికి ఆ రొప్పడం కూడా సరిగ్గా కుదరదు కాబట్టి ఎండ కాస్త ఎక్కువగా ఉన్నా వాటిని తేకపోవడమే మంచిది. అరచేతి వెనక భాగం నేలకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల మీద వాటి పాదాలూ కాలతాయి. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, 105 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, తూలుతుంటే వెంటనే నీడకి చేర్చి ఒళ్లంతా చల్లనీళ్లు పోస్తూ గాలి విసరండి, తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కాస్త చల్లబరిచాక డాక్టర్ దగ్గరికి, దారిలో కూడా నీళ్లు చల్లుతూనే. కారులో 'ఐదు నిమిషాలే' అని వదిలి వెళ్లే అలవాటు ఉంటే దయచేసి మానుకోండి, నీడలో ఆపినా, అద్దం కాస్త దించినా సరే.

ఎవరు ముందు తినేస్తారు అనే పోటీ నాకు నచ్చదు, నిర్వాహకులు ఏమనుకున్నా సరే. తిండి దగ్గరే ఎక్కువ కొట్లాటలు, పైగా గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతు ఛాతీ కుక్కలు గబగబా మింగితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పిల్లలు చాక్లెట్లు, ద్రాక్ష, ఎండుద్రాక్ష పెట్టకుండా ఓ కన్నేయండి, మూడూ కుక్కకి విషమే.

కుక్కలు కలబడితే మధ్యలో చెయ్యి పెట్టొద్దు. బకెట్ నీళ్లు కొట్టండి, లేదా ఇద్దరు చెరో కుక్క వెనక కాళ్లు పట్టుకుని ఒకేసారి వెనక్కి లాగండి. మనిషికి పన్ను గాటు పడితే చిన్నదైనా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆ కుక్కకి టీకాలు అయ్యాయని ఎవరు భరోసా ఇచ్చినా ఆగొద్దు.

పోయినసారి తోక ఊపే పోటీకి మావాడి పేరు మైకులో పిలిచేసరికి మేం గేటు దాటుతున్నాం. అప్పటికే రెండుసార్లు ఆవలించి, నా కాళ్ల వెనక్కి దూరాడు. వెనక్కి వెళ్లలేదు. ఇంటికొచ్చి గిన్నెడు నీళ్లు తాగి, మంచం కిందకి దూరి, చీకటి పడేదాకా పడుకున్నాడు.