ఏఐ టూల్‌కు డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

మిర్యాలగూడలో మాది చిన్న రైస్ మిల్లు. కాటా చిట్టీలు కంప్యూటర్‌లో ఎక్కించడానికి, వ్యాపారుల వాట్సాప్ మెసేజ్‌లకు జవాబివ్వడానికి ఏఐ టూల్ కొనాలనుకునే మిల్లు వాళ్ళు ముందు ఇవి చూసుకోండి.

• ఆ పనికి ఇప్పుడు ఎంతసేపు పడుతోందో వారం పాటు రాసి పెట్టండి. గుమాస్తాకు రోజూ గంట మిగిలితే, ఆ గంటలో బాకీలు వసూలు చేస్తాడా? చేస్తేనే లాభం. జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా.

• నెలకు 20 డాలర్లు తక్కువే అనిపిస్తుంది. 18 శాతం జీఎస్టీ, డాలర్లలో కట్టినందుకు కార్డు మీద బ్యాంకు వేసే ఫారెక్స్ చార్జీ కలిపి, ఎంతమంది వాడతారో అంతతో గుణించండి.

• వాడకాన్ని బట్టి బిల్లు వేసేదైతే టోకెన్ల లెక్క అడగండి. టోకెన్లంటే ఏఐ మన రాతను విడగొట్టుకునే చిన్న ముక్కలు, బిల్లు వాటి లెక్కనే పడుతుంది. అదే విషయానికి ఇంగ్లిష్‌ కంటే తెలుగులో సాధారణంగా ఎక్కువ టోకెన్లు పడతాయి.

• కంపెనీ వాళ్ళు చూపించే డెమో నమ్మకండి, మీ చిట్టీలే పెట్టి చూడండి. మా చేతిరాత చిట్టీలో తేమ 17 అని ఉంటే 11 అని చదివింది. ఏడు పైగీత పొట్టిగా ఉంది, అంతే. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ హద్దే 17 శాతం. అక్కడ అంకె తప్పితే రైతు కష్టం తారుమారవుతుంది. అందుకే ప్రతి చిట్టీ సరిచూసే మనిషి టైమ్ కూడా ఖర్చులో వేయండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

• ఏడాది ప్లాన్ వద్దు, నెల చాలు. ఆటో డెబిట్ ఒకసారి పెట్టాక 15,000 రూపాయల దాకా ఓటీపీ అడక్కుండానే కట్ అవుతుంది. ఆపాల్సిన తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

• రైతుల ఆధార్, పాస్‌బుక్ ఫోటోలు మాత్రం అందులో పెట్టొద్దు.