సగటు ధర పద్ధతిలో వర్క్ ఆర్డర్ ఖర్చు తేడాగా వస్తే: సమస్య - పరిష్కారం

కారం మర నడిపేవారికి నెలాఖరున తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. వర్క్ ఆర్డర్ (ఒక విడత కారం ఆడించే పనికి తెరిచే లెక్క) మూసేసరికి కిలో కారం ఖరీదు నమ్మలేనంత తక్కువగానో, కారణం తెలియనంత ఎక్కువగానో కనిపిస్తుంది. అప్పుడు చాలామంది కారం రేటును చేత్తో దిద్ది ఆ నెల గట్టెక్కుతారు. దయచేసి ఆ పని చేయకండి. సగటు ధర పద్ధతిలో, అంటే పాత, కొత్త సరుకు విలువంతా కలిపి మొత్తం కిలోలతో భాగించే పద్ధతిలో, కారం రేటు దానంతటదే తప్పుగా రాదు. దానికి ముందు పడిన ఏదో ఒక ఎంట్రీలో ఉన్న తప్పే అక్కడ బయటపడుతుంది.

ముందు సరైన లెక్క చూద్దాం. స్టాకులో 2,000 కిలోల ఎండు మిర్చి కిలో 180 రూపాయల చొప్పున ఉంది. మరో 1,000 కిలోలు 210 చొప్పున కొన్నాం. లారీ కిరాయి, హమాలీ కలిపి 6,000 అయింది. మొత్తం విలువ 5,76,000 కాబట్టి 3,000 కిలోల మీద సగటు 192 రూపాయలు. వర్క్ ఆర్డర్‌కు 1,000 కిలోలు ఇచ్చాం, అంటే 1,92,000. తొడిమలు తీసిన కూలి, మర ఖర్చు, ప్యాకింగ్ కలిపి 24,000. మొత్తం 2,16,000. తొడిమ, తేమ, దుమ్ము పోగా 900 కిలోల కారం చేతికి వస్తే కిలో 240 పడుతుంది.

సమస్య: కిలో కారం 240 రావలసింది 216 మాత్రమే వస్తోంది.
సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ఫార్ములాలో తరుగు రాయకుండా 1,000 కిలోల మిర్చికి 1,000 కిలోల కారం అని పెట్టి, వచ్చిన సరుకును కూడా అలాగే ఎక్కించడమే దీనికి కారణం. లేని 100 కిలోలు పుస్తకాల్లో స్టాకుగా నిలిచి, సరుకు లెక్కపెట్టిన రోజున ఒక్కసారిగా నష్టంగా బయటపడతాయి. మామూలు తరుగును ఫార్ములాలోనే రాయండి, వచ్చిన సరుకును మాత్రం కాటా చీటీ చూసి ఎక్కించండి. అయితే తరుగంతా మామూలు తరుగు కాదు. వాన నీరు తగిలి మరో 60 కిలోలు పాడై 840 కిలోలే వచ్చాయనుకోండి. ఆ 60 కిలోల విలువ 14,400 రూపాయలను మంచి కారం మీద వేయకూడదు. అసాధారణ వృథాను సరుకు ఖరీదులో కలపరాదని, అది జరిగిన కాలానికే ఖర్చుగా రాయాలని మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 చెబుతోంది. అప్పుడు 840 కిలోలు 240 చొప్పునే నిలుస్తాయి.

సమస్య: వర్క్ ఆర్డర్ మూసిన తరువాత మిర్చి సగటు మారిపోయింది.
నా అనుభవంలో ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. కిరాయి బిల్లు ఆలస్యంగా వస్తుంది. అప్పటికే 1,000 కిలోలు కిరాయి కలపని సగటుతో కిలో 190 చొప్పున ఇష్యూ అయిపోయి (వర్క్ ఆర్డర్‌కు ఇచ్చేసి) ఉంటాయి. ఇప్పుడు 6,000 మొత్తాన్ని మిగిలిన 2,000 కిలోల మీద వేస్తే సగటు 193 అవుతుంది. అంటే మొదటి ఆర్డర్ మోయవలసిన ఖర్చును తరువాతి ఆర్డర్ మోస్తుంది. సరైన పద్ధతిలో ఆ 6,000లో 4,000 మిగిలిన మిర్చికి, 2,000 ఇష్యూ అయిన దానికి చేరాలి. ఆ కారం ఇంకా గోడౌన్‌లోనే ఉంటే దాని విలువకు, అమ్ముడై ఉంటే అమ్మిన సరుకు ఖర్చుకు ఆ 2,000 వేయాలి. సరుకు దిగిన రోజునే అంచనా కిరాయిని కొనుగోలుతో పాటు రాసి, బిల్లు వచ్చాక తేడాను మాత్రమే సర్దితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. వెనక్కి తిరిగి వచ్చే జీఎస్టీని మాత్రం ఖరీదులో కలపకండి.

సమస్య: మిర్చి సున్నా రేటుకు ఇష్యూ అయింది, లేదా స్టాకు మైనస్‌లోకి పోయింది.
సరుకు 3వ తేదీన మరలోకి వెళ్ళింది, కొనుగోలు బిల్లు 5వ తేదీన ఎక్కింది. ఇష్యూ నాటికి స్టాకు లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ పాత రేటునో సున్నానో తీసుకుంటుంది. కొనుగోలు తేదీని సరుకు నిజంగా దిగిన రోజుకు మార్చి, ఆ తేదీ నుంచి విలువలను మళ్ళీ లెక్కించండి. మైనస్ స్టాకును అనుమతించే సెట్టింగును ఆపేయడమే మంచిది.

ఖరీదు ఏకంగా నలభై రెట్లు తేడాగా వస్తే యూనిట్లు చూడండి: కొనుగోలు టిక్కీల్లో (సుమారు నలభై కిలోల మిర్చి బస్తాల్లో), ఇష్యూ కిలోల్లో పడి ఉంటుంది. అన్ని టిక్కీలూ ఒకే బరువు ఉండవు కాబట్టి ఎంట్రీ కిలోల్లోనే ఉండాలి.

సమస్య: ఏ రకం సరుకు ఆడించినా ఖరీదు ఒకేలా వస్తోంది.
తేజ, 334 రకాలు, తాలు కాయలు అన్నిటినీ ‘ఎండు మిర్చి’ అనే ఒకే ఐటంలో పెడితే సగటు వాటిలో ఏ ఒక్కదాని ధరా కాదు. రకానికొక ఐటం తెరవండి.

సమస్య: పని తక్కువగా ఉన్న నెలలో కారం ఖరీదు పెరిగిపోతోంది.
అద్దె, సూపర్‌వైజర్ జీతం వంటి స్థిర ఖర్చులను ఆ నెలలో ఆడిన కొద్దిపాటి కిలోల మీద పంచడమే కారణం. మర మామూలు సామర్థ్యాన్ని బట్టి కిలోకు ఇంత అని నిర్ణయించి, మిగిలినది ఆ నెల ఖర్చుగా రాయండి.

దిద్దుబాటు వరుసను మార్చకండి. ముందు కొనుగోళ్ళు, తరువాత ఇష్యూలు, ఆపైన తయారై వచ్చిన కారం ఎంట్రీలు, చివరగా అమ్మిన సరుకు ఖర్చు. అన్నింటినీ అతి పాత తప్పు తేదీ నుంచి లెక్కించాలి. ఆ తేదీ మూసేసిన ఆర్థిక సంవత్సరంలో ఉంటే పాత ఎంట్రీని ముట్టుకోకుండా, ఆడిటర్‌ను అడిగి ఈ ఏడాదిలో సర్దుబాటు ఎంట్రీ వేయండి. మళ్ళీ లెక్కించే ముందు స్టాకు విలువ రిపోర్టును తప్పక ప్రింట్ తీసుకోండి, లెక్కించాక మరోసారి తీసి రెండింటినీ ఐటం వారీగా పక్కపక్కన పెట్టి చూడండి.