పిల్లల పంటి చికిత్సకు మత్తు ఇచ్చే ముందు

అన్నిటికన్నా ముఖ్యం ఖాళీ కడుపు. ఇడ్లీ, పాలు, బిస్కెట్లు ఏవైనా 6 గంటల ముందే ఆపాలి. నూనె వంటకాలు, మాంసమైతే 8 గంటలు. తల్లిపాలు 4 గంటలు, మంచినీళ్లు 2 గంటలు. డాక్టర్ వేరే సమయం చెబితే అదే పాటించండి. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే ఇంత పట్టుదల. "పాపం, ఆకలేస్తుందేమో" అని అమ్మమ్మ చాటుగా ఒక్క బిస్కెట్ పెట్టినా డాక్టర్‌కి చెప్పేయండి. వాయిదా పడితే పడనివ్వండి.

జలుబు, దగ్గు, జ్వరం, గురక, ఆస్తమా, అలర్జీ, వాడుతున్న మందులు... ఏదీ దాచొద్దు. బరువు ఆ రోజే తూయించండి, మందు మోతాదు దాన్నిబట్టే.

మొహమాటపడకుండా అడగండి: పన్ను చూసే డాక్టర్ కాకుండా, బిడ్డ శ్వాసను గమనించడానికి వేరే మనిషి ఉన్నారా? పల్స్ ఆక్సీమీటర్ (వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పరికరం), ఆక్సిజన్ సిద్ధమేనా? మత్తుమందు ఇంట్లోనే తాగించి తీసుకురమ్మంటే ఒప్పుకోవద్దు.

వదులు బట్టలు వేయండి, ఆక్సీమీటర్ సరిగ్గా చూపేలా గోళ్ల రంగు తీసేయండి.

తిరిగొచ్చేటప్పుడు బైక్ వద్దే వద్దు. కారులో డ్రైవ్ చేసేవాళ్లు కాక ఇంకొకరు బిడ్డ పక్కనే కూర్చోవాలి. నిద్రలో తల ముందుకు వాలిపోతే ఊపిరి ఆడకపోవచ్చు.